నాలుగేళ్లకోసారి పుట్టింటికి

అమెరికా తూర్పు తీరంలో, నార్త్ కరోలినా రాష్ట్రానికి ఈశాన్య మూలన, పాస్కొటాంక్ అని ఒక నది ఉంది. ఎగువన గ్రేట్ డిస్మల్ స్వాంప్ అనే చిత్తడి అడవిలో చెట్ల బెరడు ఊరిన నీళ్లు కావడంతో ముదురు గోధుమ రంగులో, అడుగు కనిపించకుండా పారుతుంది. దాని ఒడ్డున ఎలిజబెత్ సిటీ. పేరులో నగరం ఉన్నా జనాభా ఇరవై వేలు కూడా లేదు. ఊరికి ఆగ్నేయంగా, నది బాగా వెడల్పయ్యే చోట, కంచె వెనక పెద్ద పెద్ద హ్యాంగర్లు కనిపిస్తాయి. అమెరికా కోస్ట్ గార్డు హెలికాప్టర్లు అలాస్కా మంచులో తిరిగేవైనా, ప్యూర్టోరికో ఎండలో తిరిగేవైనా, ఎప్పటికో అప్పటికి ఇక్కడికి రావలసిందే. ఇది వాటి విడిభాగాల కోట. అధికారికంగా దీని పేరు ఏవియేషన్ లాజిస్టిక్స్ సెంటర్.

అలల మధ్య ఒరిగిపోతున్న ఓడ, పైన తెలుపు, నారింజ రంగుల హెలికాప్టరు, తాడుకు వేలాడుతూ దిగుతున్న మనిషి. ఈ ఫొటోలు చూడనివారు తక్కువ. 2012 అక్టోబరులో శాండీ తుపానులో బౌంటీ అనే తెరచాప ఓడ మునిగినప్పుడు పదహారు మందిలో పద్నాలుగు మందిని పైకి లాగిన రెండు జేహాక్ హెలికాప్టర్లు ఈ ఊరి ఎయిర్ స్టేషన్ నుంచి లేచినవే. ఆ రక్షణ వీడియోలో పైలట్లున్నారు, ఈతగాళ్లున్నారు. గేర్‌బాక్స్ ఎక్కడి నుంచి వచ్చింది, దాన్ని ఎవరు విప్పి బిగించారు అన్నది ఏ వీడియోలోనూ ఉండదు. నన్నడిగితే, కోస్ట్ గార్డు చరిత్రలో సగం స్టోర్‌రూమ్ లెడ్జరులోనే ఉంది.

జేహాక్ పుట్టింది కనెక్టికట్‌లోని సికోర్‌స్కీ కర్మాగారంలో. 1990 నుంచి 1996 దాకా మొత్తం 42 వచ్చాయి. అయితే పుట్టిల్లు మాత్రం ఎలిజబెత్ సిటీయే. ఏ స్టేషన్‌లో కాపురం ఉన్నా దాదాపు నాలుగేళ్లకోసారి ఇక్కడికి వచ్చి, పాత రంగు వదిలించుకుని, ఒళ్లంతా విప్పించుకుని, మళ్లీ కొత్త కళతో బయల్దేరుతుంది. తిరిగి వెళ్లేది పాత స్టేషన్‌కే అన్న నియమమేమీ లేదు. ఆ వేళకు ఎక్కడ అవసరముంటే అక్కడికి పంపిస్తారు. అందుకే కోస్ట్ గార్డు పైలట్లు 'మా హెలికాప్టరు' అనడం కన్నా తోకమీది నాలుగంకెల నంబరుతోనే దాన్ని పిలుస్తారు. అరవైతో మొదలైతే జేహాక్, అరవై అయిదుతో మొదలైతే డాల్ఫిన్ అనే మరో రకం. ఒంటిమీద ఏటవాలుగా సాగే ఎర్రపట్టీ కూడా లెక్క ప్రకారమే ఉంటుంది. ప్రసిద్ధ డిజైనర్ రేమండ్ లోవీ సంస్థ రూపొందించిన ఆ గుర్తును 1967లో ఖరారు చేశారు. దాని వాలు 64 డిగ్రీలు. రంగు మళ్లీ వేసిన ప్రతిసారీ కొలిచి గీయాలి.

సముద్రం మీద ఎగిరే యంత్రానికి తుపాను కన్నా పెద్ద శత్రువు ఉప్పు. హెలికాప్టరు నీటికి కాస్త ఎత్తున నిలబడితే దాని రెక్కల గాలికే అలల తుంపరలు లేచి ఇంజన్లోకి, అతుకుల్లోకి, రివెట్ల తలల కిందికి చేరతాయి. అందుకే స్టేషన్లలో ఎగిరి వచ్చిన యంత్రాన్ని మంచినీళ్లతో కడగడం నిత్యకృత్యం. నాలుగేళ్లలో ఆ కడుగుడుకు అందని మూలలన్నీ ఇక్కడ బయటపడతాయి. నేలపలకలు ఎత్తితే, కేబుళ్లు పక్కకు జరిపితే, అల్యూమినియం మీద తెల్లటి పొడి. ఇనుముకు ఎర్రటి తుప్పు పడితే ఎవరికైనా కనిపిస్తుంది. అల్యూమినియం తినుకుపోయేది ఈ తెల్ల పొడితో. దాన్ని గీకి, ఎంత లోతు పోయిందో కొలిచి, అతుకు వెయ్యాలా, ముక్కనే మార్చాలా అన్నది తేలుస్తారు.

ఇక్కడ చూడవలసిన వస్తువుల్లో నాకు అన్నిటికన్నా వింతగా తోచింది రోటర్ బ్లేడు. జేహాక్‌కు నాలుగు బ్లేడ్లు. తిరిగే వలయం అడ్డుకొలత 16 మీటర్ల పైచిలుకు. ఒక్కో బ్లేడు లోపల ఈ చివర నుంచి ఆ చివర దాకా టైటానియం గొట్టంలాంటి దూలం ఉంటుంది. దాన్ని బోలుగా వదిలెయ్యకుండా నైట్రోజన్ వాయువును ఒత్తిడితో నింపి మూసేస్తారు. బ్లేడు మొదలు దగ్గర ఒక చిన్న సూచిక. మామూలుగా పసుపుపచ్చ కనిపిస్తుంది. దూలంలో వెంట్రుకవాసి పగులు వచ్చినా వాయువు కారి ఒత్తిడి పడిపోతుంది, సూచికలో ఎరుపు కనిపిస్తుంది. ఎగరబోయే ముందు మెకానిక్ పైకెక్కి నాలుగు సూచికలూ చూసి దిగుతాడు. తనలో లోపం వస్తే తానే చెప్పే విడిభాగం అది. పెద్ద కంప్యూటరు లేదు, తీగ లేదు. కాస్త గాలి, ఒక రంగు కాగితమంత సూచిక. ఇంతకన్నా తెలివైన ఏర్పాటు ఆ యంత్రం మొత్తంలో ఇంకోటి ఉందని నేననుకోను.

ఆ తర్వాత చూడవలసింది కుడి తలుపు పైనుండే, మనుషుల్ని పైకి లాగే హాయిస్ట్. సన్నటి స్టీలు తీగలు పేనిన తాడు 200 అడుగులు చుట్టుకుని ఉంటుంది. 600 పౌండ్లు, అంటే 270 కిలోల దాకా లాగుతుంది. తనిఖీ రోజున తాడునంతా బయటికి తీసి, చేతి తొడుగుతో దాని పొడవునా తడుముతూ పోతారు. ఒక్క తీగ పోగు తెగినా గుడ్డకు పట్టుకుంటుంది. హాయిస్ట్‌లోనే తాడును తెగ్గొట్టే చిన్న పేలుడు గుళిక కూడా ఉంది. తాడు ఓడ కొయ్యకు చిక్కుకుంటే హెలికాప్టరును నీళ్లలోకి లాగేస్తుంది కాబట్టి, మీట నొక్కగానే కత్తి పడి తాడు తెగాలి. ఎన్నడూ వాడకూడదని కోరుకుంటూ గడువు తీరగానే కొత్తది పెట్టే విడిభాగం ఇది. మరో సంగతి: గాలిలో తిరిగే రెక్కల వల్ల హెలికాప్టరు ఒంట్లో స్థిరవిద్యుత్తు చేరుతుంది. అందుకే తాడు కొసన దిగే బుట్టను ముందు నీటికో, పడవ అంచుకో తగలనిచ్చాకే కిందివాళ్లు ముట్టుకోవాలి. తొందరపడి చెయ్యి చాచినవాడికి షాక్ ఖాయం.

జేహాక్ ఇంధన ట్యాంకుల్లోనూ ఓ విశేషముంది. బయట వేలాడే ట్యాంకులు మూడు. ఒక్కోటి 120 గ్యాలన్లు. రెండు ఎడమవైపు, ఒకటే కుడివైపు. ఇదేమి లెక్క అనిపిస్తుంది చూడగానే. హాయిస్ట్ కుడివైపునే ఉంది కాబట్టి బుట్ట దిగే దారికి అడ్డు లేకుండా అలా అమర్చారు. ఈ ఇంధనంతో తీరం నుంచి 300 నాటికల్ మైళ్లు, అంటే 555 కిలోమీటర్లు వెళ్లి, అక్కడ 45 నిమిషాలు నిలబడి, ఆరుగురిని ఎక్కించుకుని వెనక్కి రావాలన్నది దీని డిజైను లక్ష్యం. విశాఖ నుంచి ఆగ్నేయంగా బంగాళాఖాతంలోకి అంత దూరం పోతే నాలుగు దిక్కులా నీళ్లే.

ఈ షెడ్ల కింద నేల చరిత్ర కూడా తక్కువది కాదు. 1938లో కోస్ట్ గార్డు ఇక్కడి హాలోవెల్ కుటుంబపు పాత తోట భూమిని కొంది. 1940 ఆగస్టు 15న నలుగురు అధికారులు, 52 మంది సిబ్బంది, 10 విమానాలతో ఎయిర్ స్టేషన్ మొదలైంది. అప్పటికి హెలికాప్టరు ఇంకా ప్రయోగాల దశలోనే ఉంది. దాన్ని రక్షణ యంత్రంగా మలచాలని పట్టుబట్టిన మనిషి ఫ్రాంక్ ఎరిక్సన్ అనే కోస్ట్ గార్డు అధికారి. 1944 జనవరి 3న న్యూయార్క్ రేవు ముఖద్వారం దగ్గర టర్నర్ అనే యుద్ధనౌక పేలిపోయింది. ఒడ్డుకు చేర్చిన క్షతగాత్రులకు రక్తపు ప్లాస్మా కావాలి. మంచు, వాన, ఈదురుగాలి. విమానాలన్నీ నేలమీదే. ఎరిక్సన్ తన చిన్న సికోర్‌స్కీ హెలికాప్టరును మాన్‌హాటన్ దక్షిణ కొసన బ్యాటరీ పార్కులో దించాడు. ప్లాస్మా పెట్టెల్ని తేలుడు గొట్టాలకు తాళ్లతో కట్టారు. బరువు ఎక్కువవుతుందని తోటి పైలట్‌ను అక్కడే దించేశాడు. ఎదురుగా చెట్లు ఉండటంతో హెలికాప్టరును వెనక్కి నడుపుతూ గాలిలోకి లేపాడు. పద్నాలుగు నిమిషాల్లో శాండీ హుక్ చేరాడు. ప్రాణరక్షణకు హెలికాప్టరు పనికొచ్చిన తొలి సందర్భంగా దీన్ని చెబుతారు.

రెండేళ్ల తర్వాత జరిగిన ఘటనను ఎలిజబెత్ సిటీ వాళ్లు ఇంకా గర్వంగా చెప్పుకోవచ్చు. 1946 సెప్టెంబరు 18న న్యూఫౌండ్‌లాండ్‌లో గాండర్ దగ్గర అడవిలో బెల్జియం సబెనా సంస్థ విమానం కూలింది. పద్దెనిమిది మంది బతికి ఉన్నారు. చుట్టూ బురదనేల, దారి లేదు. అంత దూరం ఎగిరివెళ్లే శక్తి అప్పటి హెలికాప్టర్లకు లేదు. ఎలిజబెత్ సిటీలో ఒకదాన్ని, బ్రూక్లిన్‌లో మరొకదాన్ని ముక్కలుగా విప్పి, పెద్ద రవాణా విమానాల కడుపులోకి ఎక్కించి, గాండర్‌లో దించి మళ్లీ బిగించారు. దిగబడకుండా బురద మీద చెక్కపలకలు పరిచి, వాటి మీద దింపుతూ పద్దెనిమిది మందినీ తీసుకొచ్చారు. యంత్రాన్ని విప్పి బిగించడం తెలిస్తేనే ప్రాణం నిలబెట్టగలమని ఆ రోజుతో తేలిపోయింది. మరుసటి ఏడు, 1947లో, ఇక్కడ విమానాల మరమ్మతు, సరఫరా స్థావరం ఏర్పడింది. ఇప్పటి లాజిస్టిక్స్ సెంటర్‌కు అదే తల్లివేరు.

అన్ని భాగాలూ సవ్యంగా ఉండి కూడా యంత్రం ఓడిపోయిన రాత్రి ఒకటుంది. 1983 ఫిబ్రవరి 12న మెరీన్ ఎలక్ట్రిక్ అనే బొగ్గు ఓడ వర్జీనియా తీరంలో మునిగింది. ఎలిజబెత్ సిటీ నుంచి పెలికన్ అనే రకం హెలికాప్టరు వెళ్లింది. హాయిస్ట్ పని చేసింది, తాడు దిగింది, బుట్ట నీటిని తాకింది. గడ్డకట్టే నీళ్లలో చేతులు మొద్దుబారిన నావికులకు ఆ బుట్టలోకి ఎక్కే శక్తి లేకపోయింది. నౌకాదళం నుంచి ఒక ఈతగాణ్ణి రప్పించేసరికి ఆలస్యమైంది. 34 మందిలో 31 మంది పోయారు. మరుసటి ఏడాది చట్టసభ ఆదేశం, 1985లో ఎలిజబెత్ సిటీ స్టేషన్‌లోనే తొలి రక్షక ఈతగాళ్లు. ఇప్పుడు దేశమంతటి కోస్ట్ గార్డు ఈతగాళ్లు తయారయ్యే పాఠశాల ఈ ప్రాంగణంలోనే ఉంది. కఠినమైన శిక్షణ, సగంలో వదిలేసేవాళ్లు చాలామంది. పక్క భవనాల్లో మెకానిక్‌లకూ శిక్షణ. ఒకే కంచె లోపల దూకేవాడూ, దూకే తలుపును బిగించేవాడూ చదువుకుంటారు.

విడిభాగాల విషయంలో డాల్ఫిన్‌ది వేరే గోడు. 1980లలో ఫ్రాన్స్ డిజైను మీద టెక్సాస్‌లో కూర్చిన ఈ హెలికాప్టరుకు, అమెరికా సరుకు వాటా ఎక్కువ ఉండాలన్న నిబంధనతో అమెరికా ఇంజన్లు పెట్టారు. అవి ఏళ్ల తరబడి సతాయించాయి. గాలిలో శక్తి పడిపోయిన ఘటనలు పెరిగి, చివరికి 2004లో ఇంజన్లన్నీ మార్చాలని నిర్ణయించారు. ఫ్రాన్స్‌కు చెందిన టర్బోమెకా ఇంజన్లు తెచ్చారు. ఆ మార్పిడి పనిలో పెద్ద భాగం జరిగింది ఇక్కడే. ఆ గండం గడిచాక ఇప్పుడు మరొకటి. ఆ రకం హెలికాప్టరు ఉత్పత్తే ఆగిపోయింది. యంత్రం బాగానే ఉంటుంది, ప్రధాన గేర్‌బాక్సులో వెయ్యాల్సిన ముక్క మాత్రం ఎక్కడా దొరకదు. ఒకదాన్ని నేలమీద ఉంచి దాని భాగం ఇంకోదానికి తొడగడం మొదలవుతుంది. ఇది ఎంత నేర్పుగా చేసినా అప్పు తీర్చడానికి అప్పు చెయ్యడమే. అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ కూడా ఈ కొరతను ఎత్తిచూపింది. దాంతో డాల్ఫిన్లకు క్రమంగా స్వస్తి చెప్పి, హెలికాప్టర్లన్నీ జేహాక్‌లే ఉండాలని కోస్ట్ గార్డు నిర్ణయించింది. మొత్తం 127 దాకా పెంచాలన్నది ప్రణాళిక.

అన్ని జేహాక్‌లు ఎక్కడి నుంచి వస్తాయి? కొన్నిటి పొట్టలు ఎడారి నుంచి వస్తాయి. అరిజోనాలో టూసాన్ దగ్గర సైన్యం పక్కన పెట్టిన విమానాలు వేల సంఖ్యలో వరసలు తీరి ఉంటాయి. తేమ లేని గాలి కాబట్టి తుప్పు పట్టవు. అక్కడ నిద్రపోతున్న నౌకాదళపు సీహాక్ హెలికాప్టర్లను తెచ్చి, ఉత్త గుల్ల మిగిలేదాకా విప్పి, పగుళ్లు వెతికి, బలపరచి, కోస్ట్ గార్డుకు తగినట్టు మలుస్తారు. ఇంకొన్ని గుల్లలు సికోర్‌స్కీ నుంచి కొత్తగా వస్తున్నాయి. జేహాక్ గుల్లకు పెట్టుకున్న ఆయుష్షు 20,000 ఎగురుడు గంటలు. ఆ గడువుకు చేరువైన పాత యంత్రం నుంచి ఇంజన్లు, గేర్‌బాక్సులు, పరికరాలు ఊడదీసి, బాగుచేసి, కొత్త గుల్లలో బిగిస్తారు. అలా బయటికొచ్చినదాన్ని కొత్త హెలికాప్టరు అనాలా, పాతదనాలా? మెకానిక్ ఆ ప్రశ్నకు ఆగడు. ప్రతి ముఖ్య భాగానికీ సీరియల్ నంబరు, దానికి ఒక జీవితచరిత్ర ఉంటాయి. ఏ యంత్రంలో ఎన్ని గంటలు తిరిగింది, ఎప్పుడు విప్పారు, ఎన్ని గంటలు మిగిలాయి అన్నీ కంప్యూటర్లో ఉంటాయి. ఈ ఊళ్లో వయసు హెలికాప్టరుకు లెక్కించరు, భాగానికి లెక్కిస్తారు.

ఈ కథలో మనవాళ్ల ముక్క కూడా ఒకటుంది. జేహాక్ తోబుట్టువనదగ్గ సికోర్‌స్కీ ఎస్-92 అనే పెద్ద హెలికాప్టరును బ్రిటన్, ఐర్లండ్ కోస్ట్ గార్డు సేవలు సముద్ర రక్షణకు వాడాయి. దాని క్యాబిన్, అంటే పైలట్ల వెనక మనుషులు కూర్చునే గది మొత్తం, హైదరాబాద్ శివారులోని ఆదిభట్లలో టాటా కర్మాగారంలో తయారైంది. 2010 చివర్లో అక్కడి నుంచి తొలి క్యాబిన్ వెళ్లింది. ఇక విశాఖవాసులకు పెలికన్ కుటుంబం పరిచయమే. మెరీన్ ఎలక్ట్రిక్ దగ్గరికి వెళ్లిన పెలికన్, 2007లో జలాశ్వ యుద్ధనౌకతో పాటు అమెరికా నుంచి మనకొచ్చిన ఆరు యూహెచ్-3హెచ్ హెలికాప్టర్లు ఒకే సీకింగ్ వంశం. వాటిని ఐఎన్ఎస్ డేగా స్థావరంలో పదిహేడేళ్లు నడిపించి, 2024 జూన్‌లో సాగనంపారు. అమెరికాలోనే వాడుక తప్పిపోయిన యంత్రాన్ని అన్నాళ్లు ఎగరనిచ్చిన విశాఖ మెకానిక్‌ల స్టోర్‌రూమ్ కథ ఎవరైనా రాస్తే చదవాలని ఉంది.

పెలికన్ కన్నా ముందు తరం యంత్రం హెచ్‌హెచ్-52ఏ సీగార్డ్. పడవ అడుగు ఉన్న హెలికాప్టరు. నీళ్లమీదే దిగి, పక్కన చిన్న వేదిక మడత విప్పి, మునిగేవాళ్లను దానిమీదికి లాగేవాళ్లు. 1963 నుంచి 1989 దాకా సేవలో ఉంది. వచ్చినవి 99 మాత్రమే. అవి 15,000 మందికి పైగా కాపాడాయని కోస్ట్ గార్డు లెక్క. వాటిలో 1426 నంబరుది 1979 నవంబరు 1న టెక్సాస్‌లో గాల్వెస్టన్ రేవు ముందు బర్మా అగేట్ అనే చమురు ఓడ మంటల్లో చిక్కుకున్నప్పుడు 22 మందిని తీసుకొచ్చింది. పదవీ విరమణ తర్వాత కాలిఫోర్నియాలో మెకానిక్ కుర్రాళ్లు విప్పి బిగించడం నేర్చుకునే బడిలో ఉండిపోయింది. దాన్ని వెతికి పట్టుకుని ఎలిజబెత్ సిటీకి తెచ్చి, తీసేసిన భాగాలకు జోడు భాగాలు సంపాదించి, పాత రంగులతో నిలబెట్టారు. 2016లో స్మిత్సోనియన్ సంస్థ విమాన ప్రదర్శనశాల ఉడ్వర్-హేజీ సెంటర్‌కు చేరింది. అక్కడ చోటు దక్కిన తొలి కోస్ట్ గార్డు యంత్రం అదే.

ఎలిజబెత్ సిటీ వర్జీనియాలోని నార్ఫోక్ విమానాశ్రయం నుంచి కారులో గంట పైచిలుకు. కోస్ట్ గార్డు స్థావరంలోకి అనుమతి లేనిదే పోనివ్వరు. నది ఒడ్డు నుంచి మాత్రం హెలికాప్టర్లు లేవడం, దిగడం చూడొచ్చు. ఊళ్లోని మ్యూజియం ఆఫ్ ది ఆల్బెమార్ల్‌కు ప్రవేశ రుసుము లేదు. అక్కడి నుంచి తూర్పుగా మరో గంట పోతే కిల్ డెవిల్ హిల్స్. 1903 డిసెంబరు 17న రైట్ సోదరుల తొలి ఎగురుడుకు సాక్షులైన కొద్దిమందిలో ముగ్గురు అక్కడి తీర రక్షణ కేంద్రం సిబ్బంది. వాళ్లలో జాన్ డేనియల్స్ ఆ ప్రసిద్ధ ఫొటో తీశాడు. వాళ్ల శాఖే 1915లో కోస్ట్ గార్డులో కలిసింది. 1900లో విల్బర్ రైట్ తొలిసారి ఆ ఇసుకతిన్నెలకు పడవెక్కింది కూడా ఎలిజబెత్ సిటీలోనే.

వాషింగ్టన్ చుట్టుపక్కల, ముఖ్యంగా ఆష్‌బర్న్, హెర్న్‌డన్ వైపు మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకు ఉడ్వర్-హేజీ సెంటర్ డల్లస్ విమానాశ్రయం పక్కనే. డిసెంబరు 25 తప్ప ఏడాది పొడవునా తెరిచి ఉంటుంది, ప్రవేశం ఉచితం, కారు పార్కింగుకు మాత్రం డబ్బులు కట్టాలి. అక్కడ అందరూ స్పేస్ షటిల్ డిస్కవరీ దగ్గర గుమిగూడతారు. మీరు 1426 ఎక్కడుందో అడిగి వెళ్లి, దాని పడవ అడుగును ఒకసారి వంగి చూడండి.